వైకల్యం ఉన్న విద్యార్థులు: కళాశాల నుంచి కొలువు దాకా

డిగ్రీయో, ఇంజినీరింగో, పీజీయో చదివే వైకల్యం ఉన్న విద్యార్థులు తమ చదువుకు తగిన ఉద్యోగంలో కుదురుకోవడానికి తోడ్పడే ఏర్పాట్లు ఈ వ్యాసానికి విషయం. చట్టం ఇచ్చిన రిజర్వేషన్లు, కళాశాలల బాధ్యతలు, స్వచ్ఛంద సంస్థల శిక్షణ, కంపెనీలు తమ పరీక్షల్లోనూ ఆఫీసుల్లోనూ చేసుకోవాల్సిన మార్పులు అన్నీ ఇందులోకి వస్తాయి. భారతదేశంలో వీటిలో దాదాపు ప్రతిదానికీ ఒక చట్టమో, పథకమో, ఉత్తర్వో ఉంది. ఒకదాని దగ్గర నుంచి మరొకదాని దగ్గరికి విద్యార్థిని చేర్చే బాధ్యతను మాత్రం ఎవరికీ స్పష్టంగా అప్పజెప్పలేదు. ఈ రంగంలో కనిపించే కష్టాలు చాలావరకు అక్కడే పుడుతున్నాయి.

2011 జనగణన ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య 22 లక్షలు దాటింది. అప్పటి లెక్కలో వైకల్యాలు ఎనిమిది రకాలే. ఇప్పటి చట్టం గుర్తించేవి 21. కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆ జనగణనలోనే, వైకల్యం ఉన్నవారిలో ఏదో ఒక పని చేసి సంపాదిస్తున్నవారు 36 శాతమని తేలింది. మగవారిలో ఇది 47 శాతం, ఆడవారిలో 23 శాతం. ఉన్నత విద్య సంగతి ఇంకా కలవరపెడుతుంది. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వేలో మొత్తం విద్యార్థులు నాలుగు కోట్లు దాటగా, వారిలో వైకల్యం ఉన్నవారు 79,035 మంది. వెయ్యి మందికి సుమారు ఇద్దరు. ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో చట్టం ప్రకారం కేటాయించాల్సిన సీట్లు వెయ్యికి 50. కాలేజీ గడప తొక్కినవారే ఇంత తక్కువైతే, డిగ్రీ పట్టాతో ఉద్యోగాల వేటకు బయల్దేరేవారు ఎందరుంటారో ఊహించవచ్చు.

పూర్వరంగం

చదువుకున్న వికలాంగులకు ఏ పని ఇవ్వాలన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పాటు సిద్ధంగా ఉన్న జవాబులు కొన్నే. చూపు లేకపోతే కుర్చీల అల్లిక, సంగీతం టీచరు ఉద్యోగం, టెలిఫోన్ ఆపరేటర్ కొలువు. కాళ్లు సహకరించకపోతే కుట్టుపని, వాచీల రిపేరు, ఆ తర్వాతి రోజుల్లో ఎస్టీడీ బూత్. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో యంత్రాలు వచ్చాక ఆపరేటర్ల అవసరం తగ్గింది. సెల్‌ఫోన్లు వచ్చాక బూత్‌లు మూతపడ్డాయి. వైకల్యం పేరు చెప్పి ఫలానా పనే చేయగలరని ముందే తేల్చేసే పద్ధతిలో ఉన్న ప్రమాదమిది. ఆ పనికి కాలం చెల్లితే, దాన్నే నమ్ముకున్న మనిషికి చేతిలో మరో విద్య ఉండదు.

కేంద్ర ప్రభుత్వం 1977లో గ్రూప్ సి, డి కొలువుల్లో వికలాంగులకు మూడు శాతం కేటాయించింది. అంతకుముందే వృత్తి పునరావాస కేంద్రాలు, ప్రత్యేక ఉపాధి కార్యాలయాలు వచ్చాయి. హైదరాబాదులోనూ అలాంటి పునరావాస కేంద్రం ఉంది. ఇప్పుడు ఈ కేంద్రాలను నేషనల్ కెరీర్ సర్వీస్ కేంద్రాలని పిలుస్తున్నారు. 1995 చట్టం ఆ మూడు శాతాన్ని అన్ని గ్రూపుల కొలువులకూ విస్తరించింది. అయితే అది గుర్తించినవి ఏడు రకాల వైకల్యాలే. ఆ మూడు శాతంలో అంధులకు ఒకటి, వినికిడి లోపం ఉన్నవారికి ఒకటి, చలన వైకల్యం ఉన్నవారికి ఒకటి. ఉద్యోగ ప్రకటనల్లో ఇప్పటికీ కనిపించే వీహెచ్, హెచ్‌హెచ్, ఓహెచ్ అనే పొడి అక్షరాలు ఆ పంపకం గుర్తులే.

ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని భారతదేశం 2007 అక్టోబరు 1న ఆమోదించింది. దానికి తగ్గట్టు చేసిన వికలాంగుల హక్కుల చట్టం 2016 డిసెంబరులో పార్లమెంటులో గట్టెక్కి, 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. ఉన్నత విద్యలో ఐదు శాతం సీట్లు, ప్రవేశ వయసులో ఐదేళ్ల సడలింపు, ప్రభుత్వ కొలువుల్లో నాలుగు శాతం ఈ చట్టం ఇచ్చినవే. నాలుగో శాతం ఆటిజం, మేధో వైకల్యం, డిస్‌లెక్సియా వంటి అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కలిపి దక్కింది. పైకి కనిపించని వైకల్యాలకు చట్టంలో చోటు దొరకడం చిన్న విషయం కాదు. నా దృష్టిలో ఆ చట్టంలో అన్నిటికన్నా విలువైన మాట సహేతుక సర్దుబాటు. యజమానికి మోయలేని భారం కానంతవరకు, మనిషి అవసరానికి తగ్గట్టు పని పద్ధతినో, పరికరాన్నో, పరీక్షనో మార్చడమే సహేతుక సర్దుబాటు. రిజర్వేషన్ తలుపు తెరుస్తుంది. లోపలికి వెళ్లిన మనిషి పని చేయగలడా లేదా అన్నది ఈ సర్దుబాటు మీద ఆధారపడుతుంది.

బడి దాటాక ఎవరు?

రెండు తెలుగు రాష్ట్రాల్లో మండల కేంద్రాల్లో వైకల్యం ఉన్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. సహిత విద్య రిసోర్స్ పర్సన్లు పిల్లల పేర్లు రాసుకుంటారు, బడికి వెళ్లి చూస్తారు, రాలేని పిల్లల ఇళ్లకూ వెళతారు. ఈ ఏర్పాటులో లోపాలు లేకపోలేదు. అయినా, తమ పిల్లవాడి పేరు తెలిసిన ఉద్యోగి మండలంలో ఒకరున్నారన్న ధైర్యం తల్లిదండ్రులకు ఉంటుంది. బడి చదువు ముగిసేసరికి ఆ తోడు ఆగిపోతుంది. ఊరు వదిలి, పట్నంలో హాస్టల్లో చేరి, వందల మంది ఉన్న క్లాసులో కూర్చునే పద్దెనిమిదేళ్ల విద్యార్థి తన అవసరాలను తొలిసారి తానే చెప్పుకోవాల్సి వస్తుంది. చెప్పుకోవడం అతనికి ఎవరూ నేర్పలేదు.

కళాశాలల్లో సమాన అవకాశాల విభాగాలు ఉండాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం చెబుతూ వచ్చింది. 2022లో ఉన్నత విద్యాసంస్థల కోసం సౌలభ్య మార్గదర్శకాలు కూడా వెలువరించింది. చాలా కాలేజీల్లో ఆ విభాగమంటే, క్లాసులతో పాటు అదనపు బాధ్యతగా మోస్తున్న ఒక అధ్యాపకుడే. స్కాలర్‌షిప్ దరఖాస్తు మీద సంతకం, పరీక్షలో జవాబులు రాసిపెట్టే లేఖరికి అనుమతి, ఆర్టీసీ రాయితీ పాస్ కాగితాలు ఆయన దగ్గరికి వస్తాయి. కంపెనీలతో మాట్లాడే ప్లేస్‌మెంట్ సెల్ వేరే గదిలో, వేరే మనుషులతో నడుస్తుంది. ఆ రెండు గదుల మధ్య రాకపోకలుండవు. ఫలానా విద్యార్థి స్క్రీన్ రీడర్ వాడతాడన్న సంగతి మొదటి గదికి నాలుగేళ్లుగా తెలుసు. రెండో గదికి కంపెనీ వచ్చిన రోజు పొద్దున తెలుస్తుంది. ఇంత చిన్న లోపం వల్ల పోయే అవకాశాలు ఎన్నో.

జాతీయ ర్యాంకింగుల పట్టిక ఈ చీలికకు మరో సాక్ష్యం. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగులో వికలాంగుల సౌకర్యాలకు మార్కులున్నాయి: లిఫ్టులు, ర్యాంపులు, వీల్‌చైర్లు, అనువైన మరుగుదొడ్లు. పట్టభద్రుల ప్లేస్‌మెంట్లకు వేరే మార్కులున్నాయి. ర్యాంపు మీదుగా క్లాసుకు వచ్చిన విద్యార్థికి ఉద్యోగం వచ్చిందా అని ఆ రెండు లెక్కలనూ కలిపి అడగడం అవసరం. అడిగిన రోజున ప్లేస్‌మెంట్ అధికారులు మొదటి సంవత్సరం నుంచే ఆ విద్యార్థుల వెంట ఉంటారు.

గ్రూపు ఎంపికతోనే మొదలు

ఉద్యోగం సంగతి ఫైనలియర్‌లో చూసుకుందాం అనుకుంటే అప్పటికే ఆలస్యమవుతుంది. పదో తరగతి తర్వాత తీసుకునే గ్రూపే చాలా దారులను మూసేస్తుంది. చూపులేని పిల్లలకు లెక్కలు, సైన్సు కష్టమని చెప్పి, వారిని మానవీయ శాస్త్రాల వైపు నెట్టడం ఏళ్ల తరబడి సాగింది. బొమ్మలున్న పాఠాన్ని మాటల్లో చెప్పగల టీచరు, ముట్టుకుని తెలుసుకోగల పటం దొరకకపోవడం దీనికి అసలు కారణం. పిల్లల తెలివికీ దీనికీ సంబంధం లేదు.

శ్రీకాంత్ బొల్లా కథ తెలుగువారందరికీ తెలిసిందే. ఇక్కడ పనికొచ్చేది ఆ కథలో మొదటి అంకం. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన ఆయనకు, పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినా ఇంటర్‌లో సైన్స్ గ్రూపు ఇవ్వడానికి అధికారులు ఒప్పుకోలేదు. కోర్టు దాకా వెళ్లి సీటు తెచ్చుకున్నారు. పాఠాలన్నీ ఆడియోగా మార్చించుకుని చదివి 98 శాతం సాధించారు. ఐఐటీ కోచింగ్ సెంటర్లు చేర్చుకోకపోతే అమెరికాలోని ఎంఐటీకి దరఖాస్తు చేశారు. 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టి, వైకల్యం ఉన్నవారికి అక్కడ పనిచ్చారు. ఆయన జీవితం మీద 2024లో హిందీ సినిమా వచ్చింది. ఆ పట్టుదలను మెచ్చుకుంటూనే ఒక మాట చెప్పుకోవాలి. పదహారేళ్ల కుర్రాడు ఒక గ్రూపు కోసం కోర్టుకు వెళ్లాల్సి రావడం వ్యవస్థ వైఫల్యం. కోర్టుకు వెళ్లలేక ఇచ్చిన గ్రూపులోనే చేరిపోయినవారి పేర్లు ఎవరికీ తెలియవు.

వినికిడి లోపం ఉన్న పిల్లలకు మరో రకం చిక్కు. బడిలో భాషా పేపర్లలో మినహాయింపు ఇస్తారు. అప్పటికది ఊరట. అయితే రాతలో భాష బలపడకుండానే డిగ్రీ పూర్తవుతుంది. ఆఫీసులో మాట్లాడే పని లేకపోయినా ఈమెయిల్ రాయక తప్పదు. సైగ భాషలో తర్కబద్ధంగా, వేగంగా ఆలోచించే అభ్యర్థిని, రాసిన ఇంగ్లిష్‌లో వ్యాకరణం తప్పిందని పక్కన పెట్టేస్తారు. భారతీయ సైగ భాష పరిశోధన శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో ఏర్పడింది. పది వేల పదాల నిఘంటువు తయారైంది. దుబాసీలు మాత్రం ఇప్పటికీ చాలా తక్కువ. కాలేజీలో మూడేళ్లూ దుబాసీ లేకుండా కూర్చుని, స్నేహితుడి నోట్సు చూసి పాసైన విద్యార్థి ఇంటర్వ్యూలో తన సబ్జెక్టు చెప్పలేకపోతే తప్పు ఎవరిది?

చదివే సాధనాలు

కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు చూపులేనివారి ఉద్యోగావకాశాలను మార్చేశాయి. జాస్ అనే సాఫ్ట్‌వేర్ ఖరీదైనది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధ యువకులు 2006 నుంచి అభివృద్ధి చేసిన ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. లైబ్రరీలో ఒక కంప్యూటర్‌లో దాన్ని వేసి, హెడ్‌ఫోన్ పెట్టడానికి కాలేజీకి పెద్ద ఖర్చేమీ ఉండదు.

అయితే తెలుగు మీడియం విద్యార్థికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. దశాబ్దాలుగా తెలుగు పుస్తకాలు అను వంటి పాత ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. వాటిలో అక్షరం తెర మీద తెలుగులా కనిపిస్తుంది కానీ, కంప్యూటర్ లోపల అది ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల వరుస. అలాంటి పీడీఎఫ్‌ను తెరిస్తే స్క్రీన్ రీడర్ అర్థం లేని శబ్దాలు వినిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా పేజీని బొమ్మగా తీసి అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలి. అప్పుడు కూడా వత్తులు, గుణింతాలు తారుమారవుతుంటాయి. ఎవరో ఒకరు కూర్చుని దిద్దాలి. గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదివే అంధ అభ్యర్థి స్టడీ మెటీరియల్ కోసం పడే పాట్లు చాలావరకు ఇవే. పుస్తకం వేసేవారు యూనికోడ్ ప్రతి ఒకటి దాచి ఉంచినా సగం సమస్య తీరుతుంది. చట్టపరంగా అడ్డేమీ లేదు: 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వైకల్యం ఉన్నవారి కోసం అనువైన ప్రతులు తయారు చేసుకోవచ్చని చెప్పారు. అలాంటి ప్రతులకు వీలు కల్పించే మరకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాల కన్నా ముందు ఆమోదించినది భారతదేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది.

పని అనుభవం

ఏ విద్యార్థికైనా మొదటి ఉద్యోగాన్ని దగ్గర చేసేది చదువుకునేటప్పుడు చేసిన పనే. వైకల్యం ఉన్న విద్యార్థికి అది రెండింతలు అవసరం. తనకు ఏ సర్దుబాటు కావాలో పని చేస్తే తప్ప తెలియదు. ఎంతసేపు నిలబడగలను, ఎంత గోలలో వినగలను, ఏ సాఫ్ట్‌వేర్ నా స్క్రీన్ రీడర్‌కు లొంగదు అన్నవి క్లాసులో బయటపడవు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశాక, మొదటి సంవత్సరం వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చింది. విద్యార్థులు ఊళ్లో ఇంటింటికీ తిరిగి సర్వే చేయాలి. ఇలాంటిచోట వీల్‌చైర్ విద్యార్థికి మినహాయింపు ఇచ్చి, ఎవరో చేసిన నివేదిక మీద పేరు రాయించేయడం సులువు. దయతోనే చేస్తారు, కానీ అది అతనికి దక్కాల్సిన అనుభవాన్ని లాగేసుకుంటుంది. అదే విద్యార్థికి ఫోన్‌లో వివరాలు సేకరించే పనో, వచ్చిన వివరాలను పట్టికలో పేర్చే పనో అప్పజెబితే ఏడాది తిరిగేసరికి రెజ్యూమెలో రాసుకోవడానికి ఒక నిజమైన పని ఉంటుంది.

తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ, ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు విద్యార్థులకు ఉద్యోగ శిక్షణ ఇస్తున్నాయి. వికలాంగులకు వేరే శిక్షణ పెట్టడం కన్నా, వీటిలోనే వారిని తోటి విద్యార్థులతో కలిపి కూర్చోబెట్టి, అవసరమైన మార్పులు చేయడం మంచిదని నా అభిప్రాయం. వేరుగా పెట్టిన బ్యాచ్‌కు వచ్చే కంపెనీలు వేరు, ఇచ్చే జీతాలు వేరు. సాంకేతిక విద్య చదివేవారికి ఏఐసీటీఈ సక్షమ్ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50 వేల రూపాయలు అందుతాయి. ఆ డబ్బు ల్యాప్‌టాప్, శిక్షణ ఖర్చులకు అక్కరకొస్తుంది.

క్యాంపస్ సెలెక్షన్స్

నియామకాల్లో మొదటి మెట్టు ఇప్పుడు ఆన్‌లైన్ పరీక్ష. కాపీ కొట్టకుండా చూసే ప్రోక్టరింగ్ సాఫ్ట్‌వేర్, పరీక్ష కిటికీ తప్ప మరే ప్రోగ్రామూ నడవనివ్వదు. స్క్రీన్ రీడర్ కూడా దానికి ఒక బయటి ప్రోగ్రామే. కొన్నిచోట్ల కెమెరా అభ్యర్థి చూపు ఎటు తిరుగుతోందో గమనించి, తెర మీద నిలవకపోతే హెచ్చరిస్తుంది. చూపులేని అభ్యర్థి కళ్లు తెర మీద నిలవాల్సిన పనేముంది? మూడు హెచ్చరికలకే పరీక్ష మూసేసేలా అమర్చి ఉంటే, ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకముందే ఆ అభ్యర్థి పని అయిపోతుంది. ఇక బొమ్మల వరుసలో తర్వాతిది ఏదని అడిగే ప్రశ్నలు, సాలెగూడు లాంటి గ్రాఫులు సరేసరి. వీటిని కంపెనీతో ముందే మాట్లాడి సరిచేయించడం ప్లేస్‌మెంట్ సెల్ పని. వారం ముందు నమూనా పరీక్ష లింకు అడిగి, విద్యార్థి చేత ఒకసారి రాయించి చూస్తే చాలు. మిగతాది దాదాపు దానంతటదే బయటపడుతుంది.

వైకల్యం గురించి ఎప్పుడు చెప్పాలి అన్నది ప్రతి విద్యార్థినీ వేధించే ప్రశ్న. రిజర్వేషన్ కోరితే దరఖాస్తులోనే చెప్పాలి. ప్రైవేటు ఉద్యోగంలో, పైకి కనిపించని వైకల్యం ఉన్నప్పుడు, అది విద్యార్థి ఇష్టం. పరీక్షలోనో, ఇంటర్వ్యూలోనో సర్దుబాటు కావాలంటే ఆ మెట్టుకు ముందు చెప్పడమే మేలు. ఎలా చెప్పాలన్నది ఇంకా ముఖ్యం. "నాకు చూపు లేదండి, దయచేసి ఒక్క అవకాశం ఇవ్వండి" అని రాసిన లేఖకూ, "నేను స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తాను, మీ పరీక్ష ఏ ప్లాట్‌ఫాం మీద పెడుతున్నారో చెబితే ముందే సరిచూసుకుంటాను" అని రాసిన లేఖకూ చాలా తేడా ఉంది. రెండో లేఖ చదివిన హెచ్ఆర్ ఉద్యోగికి ఏం చేయాలో తెలుస్తుంది. ఈ రెండో లేఖ రాయడం మొదటి సంవత్సరంలోనే నేర్పాలి. మానసిక అనారోగ్యం వల్ల ఏడాదో రెండేళ్లో చదువు ఆగినవారికి "ఈ గ్యాప్ ఎందుకొచ్చింది?" అన్న ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. ఆరోగ్య కారణాలతో విరామం తీసుకున్నానని, ఇప్పుడు పనికి సిద్ధంగా ఉన్నానని క్లుప్తంగా చెప్పడం సరిపోతుంది. మందుల చిట్టా విప్పాల్సిన అవసరం లేదు.

ప్రభుత్వ కొలువు

తెలుగునాట వికలాంగ పట్టభద్రుల్లో ఎక్కువమంది చూపు సర్కారీ కొలువు మీదే. దాన్ని తప్పుపట్టలేం. నాలుగు శాతం కోటా, బదిలీల్లో వెసులుబాటు, ఉద్యోగ భద్రత ఉన్నది అక్కడే. టీచరు పోస్టులు, బ్యాంకు క్లర్కు, పీఓ ఉద్యోగాలు వేలమందిని నిలబెట్టాయి. కోనసీమ నుంచి వచ్చిన కట్టా సింహాచలం చూపు లేకున్నా 2019 బ్యాచ్ ఐఏఎస్ అయ్యారు.

ఈ దారిలో మొదటి కాగితం సదరం సర్టిఫికెట్. ఉమ్మడి రాష్ట్రంలో 2010 ప్రాంతంలో మొదలైన ఈ పద్ధతిలో స్లాటు తీసుకుని ఆసుపత్రి క్యాంపుకు వెళితే, వైద్యులు పరీక్షించి వైకల్య శాతం నిర్ణయిస్తారు. కనీసం 40 శాతం ఉంటేనే కోటా వర్తిస్తుంది. దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు కూడా ఇప్పుడు అవసరం. నోటిఫికేషన్ పడ్డాక క్యాంపు తేదీ కోసం ఎదురుచూసి చివరి తేదీ దాటబెట్టుకున్నవారు కొల్లలు. డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఈ రెండూ సరిచూసుకోవాలి. పదో తరగతి మెమోలో ఉన్న పేరే అన్నిటా ఉండాలి.

కేంద్ర ప్రభుత్వం 2021 జనవరిలో వికలాంగులకు అనువైనవంటూ 3,500కు పైగా పోస్టుల జాబితా ప్రకటించింది. ఏ పోస్టుకు ఏ రకం వైకల్యం ఉన్నవారు అర్హులో, ఆ పనిలో కూర్చోవడం, నిలబడటం, చూడటం, వినడం వంటివి ఏవేవి అవసరమో అందులో ఉంటుంది. డిగ్రీలో చేరేముందే దాన్ని తిరగేస్తే, తర్వాత ఆశాభంగం తప్పుతుంది.

కోర్టు తీర్పులు ఈ దారిని చాలా వెడల్పు చేశాయి. రిజర్వేషన్‌ను కేడర్‌లోని మొత్తం ఖాళీల మీద లెక్కించాలని 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. గుర్తించిన పోస్టుల మీదే లెక్కించి సంఖ్య తగ్గించే అలవాటుకు అక్కడ అడ్డుకట్ట పడింది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో, రాయలేని ఇబ్బంది నిజమైతే 40 శాతం వైకల్యం లేకపోయినా లేఖరి సాయం ఇవ్వాలని తేల్చింది. అంధులను న్యాయాధికారి పరీక్షలకు అనర్హులుగా చూడరాదని 2025 మార్చిలో తీర్పు వచ్చింది. 2024 నవంబరు నాటి రాజీవ్ రాతూరీ తీర్పుకు, ప్రభుత్వ భవనాలు, సేవలు ఎంతవరకు అందుబాటులో ఉన్నాయో పరిశీలించి నివేదిక ఇచ్చింది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రమే. సౌలభ్య ప్రమాణాలు ఐచ్ఛికం కాదు, తప్పనిసరి అని ఆ తీర్పు సారం.

లేఖరి విషయంలో కేంద్ర మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలంటాయి. నోటిఫికేషన్ల కోసం ఎదురుచూపులే ఈ దారిలో అసలు బాధ. బ్యాక్‌లాగ్ పోస్టులు పేరుకుపోతాయి, వయసు దాటిపోతుంది. ప్రిపరేషన్‌తో పాటు ఏదో ఒక పని చేస్తూ ఉండటం మంచిది. 30 ఏళ్లు వచ్చాక కూడా అనుభవం గడి ఖాళీగా ఉంటే ప్రైవేటు దారి ఇరుకవుతుంది.

ప్రైవేటు రంగం

ప్రైవేటు యజమానులపై చట్టం కోటా పెట్టలేదు. సిబ్బందిలో ఐదు శాతం మేర వైకల్యం ఉన్నవారిని తీసుకునేలా ప్రోత్సాహకాలు ఇవ్వాలని మాత్రం అంది. 20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. వైకల్యం ఉన్న ఉద్యోగుల పీఎఫ్, ఈఎస్ఐలలో యజమాని వాటాను కొన్నేళ్లు కేంద్రమే భరించే పథకం 2008 ఏప్రిల్లో మొదలైంది. వాణిజ్య ప్రపంచాన్ని కాస్త కదిలించింది సెబీ నిబంధన. అతిపెద్ద వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి తమ వార్షిక నివేదికలో వైకల్యం ఉన్న సిబ్బంది సంఖ్యను చెప్పి తీరాలి. ఉద్యోగానికి దరఖాస్తు చేసే విద్యార్థి ఆ నివేదిక తెరిచి చూసుకోవచ్చు. సంస్థ మాటలకూ చేతలకూ ఉన్న దూరం అందులో కనిపిస్తుంది.

కళాశాలలకూ కంపెనీలకూ మధ్య ఇప్పుడు నిజంగా పనిచేస్తున్నది కొన్ని స్వచ్ఛంద సంస్థలే. బెంగళూరులో శాంతి రాఘవన్ 1999లో మొదలుపెట్టిన ఎనేబుల్ ఇండియా, చూపులేనివారిని కంప్యూటర్ ఉద్యోగాల్లో నిలబెట్టడంలో పేరు తెచ్చుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ యువత ఉపాధి మిషన్‌ను నడిపిన మీరా షెనాయ్ 2012లో హైదరాబాదు కేంద్రంగా యూత్4జాబ్స్ స్థాపించారు. ఇలాంటి సంస్థల పని అభ్యర్థికి శిక్షణతో ఆగదు. కంపెనీకి వెళ్లి ఏ పనికి ఏ వైకల్యం అడ్డు కాదో పరిశీలిస్తారు, టీమ్ లీడర్‌తో మాట్లాడతారు, వినికిడి లోపం ఉన్నవారు చేరేచోట తోటివారికి నాలుగు సైగలు నేర్పుతారు. కాలేజీ ఇవ్వలేని తోడు ఇదే.

విదేశాల్లో

అమెరికాలో 1973 పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990 నాటి అమెరికన్స్ విత్ డిసెబిలిటీస్ చట్టం కాలేజీలనూ యజమానులనూ కట్టడి చేస్తాయి. వైకల్యం ఉన్న కాలేజీ విద్యార్థులను ఫెడరల్ ప్రభుత్వ కార్యాలయాలకు పరిచయం చేసే వర్క్‌ఫోర్స్ రిక్రూట్‌మెంట్ ప్రోగ్రామ్ కూడా పెట్టారు. జర్మనీలో 20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు ఐదు శాతం కోటా నింపకపోతే రుసుము కట్టాలి. జపాన్‌లో ఈ కోటా 2024 ఏప్రిల్లో 2.5 శాతానికి చేరింది. ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. అక్కడి విశ్వవిద్యాలయాల డిసెబిలిటీ ఆఫీసుకు శాతం చెప్పే సదరం పత్రం చాలదు. ఏ పనిలో ఏ ఇబ్బంది వస్తుందో, ఏ సర్దుబాటు కావాలో వివరించే వైద్యుని నివేదిక అడుగుతారు. బయల్దేరే ముందే దాన్ని రాయించుకోవాలి.

చేరిన తర్వాత

ఆఫర్ లెటర్ రాగానే ఫొటో తీసి పత్రికకు పంపడంతో తన పని ముగిసినట్టు కాలేజీ భావిస్తుంది. వైకల్యం ఉన్న ఉద్యోగికి మొదటి మూడు నెలలే గండం. ఆఫీసుకు అనువైన బస్సు దొరకదు, అద్దె ఇల్లు రెండో అంతస్తులో ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ రీడర్ వేయడానికి ఐటీ విభాగం అనుమతి రావడానికి వారాలు పడుతుంది. ఈలోగా పని నెమ్మదిగా చేస్తున్నాడన్న పేరొస్తుంది. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ విద్యార్థులకు, ఉద్యోగులకు మూడు చక్రాల మోటారు బండ్లు ఇస్తున్నాయి. చేరడానికి ముందే వాటికి దరఖాస్తు పెట్టుకోవాలి.

అమ్మాయిల విషయంలో గండం ఇంకా ముందే వస్తుంది. క్యాంపస్‌లో ఎంపికై కూడా, ఒంటరిగా హైదరాబాదులోనో బెంగళూరులోనో ఎలా ఉంటుందన్న భయంతో ఇంట్లోవాళ్లు పంపని సందర్భాలు చాలా. సంపాదిస్తున్న మగవారి, ఆడవారి 47, 23 శాతాల మధ్య తేడాలో ఈ భయానికీ వాటా ఉండవచ్చు. తల్లిదండ్రులను ఒకసారి ఆ ఆఫీసుకు, అక్కడి హాస్టల్‌కు తీసుకెళ్లి చూపించిన చోట మనసు మారుతుంది. దానికి ప్లేస్‌మెంట్ సెల్ ఖర్చు పెట్టవచ్చు.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని చట్టంలోని 20వ సెక్షన్ చెబుతుంది. ప్రమోషన్లలోనూ రిజర్వేషన్ ఉంటుందని 2020 జనవరిలో సిద్దరాజు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇవి తెలిసినవారు ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న సీనియర్లు. ఏ బ్యాంకు సాఫ్ట్‌వేర్ స్క్రీన్ రీడర్‌తో నడుస్తుంది, ఏ శాఖలో బదిలీ అర్జీ ఎలా పెట్టాలి, ఏ కంపెనీలో దుబాసీని అడిగితే ఇస్తారు అన్న సమాచారం ప్రస్తుతం వాట్సాప్ గ్రూపుల్లో ఒకరి నుంచి ఒకరికి చేరుతోంది. ప్రతి కాలేజీ తన దగ్గర చదివి కొలువుల్లో చేరిన వైకల్యం ఉన్న పూర్వ విద్యార్థుల జాబితా రాసి ఉంచి, వారి అనుమతితో, కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ తన చదువుకు దగ్గరైన ఒక సీనియర్‌ను మొదటి సంవత్సరంలోనే పరిచయం చేయవచ్చు. దీనికి కొత్త నిధులు గానీ కొత్త ఉత్తర్వు గానీ అక్కర్లేదు.